వెర్నా కొన్న మూడుకాళ్ల స్టాండు

మోంటానాలో ఇరవై రెండేళ్లుగా స్కూలు బస్సు నడుపుతున్న వెర్నా, వెనక సీట్లో ఎవడు ఎవణ్ణి గిల్లాడో అద్దంలోంచే చెప్పేయగల మనిషి. వేటకని నూట అరవై డాలర్లకు ఎనిమిదింతలు చూపే దుర్భిణి కొని, మరో ఎనభై పెట్టి దానికి మూడుకాళ్ల స్టాండు తెచ్చింది. రెండువేలు పోసి పన్నెండింతల దుర్భిణి తెచ్చుకున్న మరిది ఆర్విల్ పగలబడి నవ్వాడు.

“వేటకొచ్చావా వదినా, పెళ్లి ఫొటోలు తియ్యడానికొచ్చావా?”

“నీ పెళ్లి ఫొటోల్లో ఒక్కటీ కుదురుగా రాలేదుగా, అందుకే తెచ్చా.”

తెల్లవారింది. ఎదుటి కొండమీద మగ ఎల్క్ దుప్పి కనిపించింది. ఆ ప్రాంతంలో రెండు కొమ్ముల్లో ఏదో ఒకదాని మొదట్లో బెత్తెడు పొడవున పిలక, అంటే చీలిన చిన్న కొమ్మ, ఉంటేనే కాల్చాలి. లేకపోతే జరిమానా, పైగా పరువూ పోతుంది.

చలికి ఆర్విల్ చేతులు వణికాయి. ఆ వణుకు దుర్భిణిలో పన్నెండింతలైంది.

“ఉంది... కాదు, గడ్డిపోచ... ఉండు, ఉంది!”

వెర్నా స్టాండు నిలబెట్టి, దుర్భిణి దానికి బిగించి, చేతులు జేబుల్లో పెట్టుకుని, కదలకుండా చూసింది.

“ఎడమ కొమ్ముకి లేదు. కుడిదానికి ఉంది. బెత్తెడు పైనే.”

వెర్నా ఒక్కటే తూటాతో దాన్ని పడగొట్టింది. దగ్గరికెళ్లి వేళ్లు పెట్టి కొలిస్తే, పిలక బెత్తెడు మీద రెండు వేళ్లుంది.

ఆర్విల్ గొంతు సవరించుకున్నాడు. “వదినా, ఆ మూడుకాళ్లది ఎక్కడ దొరుకుతుంది?”

“ముందు ఈ నాలుగుకాళ్లదాని తొడ భుజాన వేసుకో. దారిలో చెప్తా.”