నల్లరేగడిలో అమ్మ సైకిలు

నిన్న నంద్యాలలో పాత ఇనుము అంగట్లో తుప్పు పట్టిన సైకిల్ మడ్‌గార్డు ఒకటి కనిపించింది. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, వానలు మొదలవగానే వాటిని ఊడదీసి గోడకు తగిలించేవాళ్లు. లేకపోతే నల్లరేగడి మట్టి ఇరుక్కుని చక్రం తిరగదు.

మా అమ్మ మాత్రం తీయనిచ్చేది కాదు, చీర పాడవుతుందని. ఆళ్లగడ్డ దగ్గరి పల్లెలో ఆమె ఒక్కతే టీచరు. మూడో తరగతి చదివే నేను వెనక క్యారియర్ మీద కూర్చుని అదే బడికి పోయేదాన్ని.

ఒకరోజు వానలో, బడి ఇంకా మైలు దూరం ఉండగానే రెండు చక్రాలూ బిగుసుకుపోయాయి. పుల్లతో మట్టి గీకితే నాలుగడుగులు కదిలి మళ్లీ ఆగింది.

"ఈ వానలో యాడికి పోతారు టీచరమ్మా? ఇంటికి మళ్లుకోండి," అన్నాడు చేనిగట్టు మీద తడుస్తున్న రైతు.

"బడి తాళం నా కాడుందప్పా. పిల్లోళ్లు బయట తడుస్తాంటారు," అంది అమ్మ.

కొంగు నడుముకు దోపి, మట్టితో రెండింతలు బరువెక్కిన సైకిలును భుజానికెత్తుకుంది. "పాపా, నా అడుగుల్లోనే అడుగేసి రా," అంది. ఆ బక్క మనిషికి అంత బలం ఎక్కడిదో నాకిప్పటికీ తెలియదు. ఆమె అడుగు పడిన చోట నా కాలు పిక్కల దాకా దిగేది.

బడి చూరు కింద పిల్లలు పలకలు నెత్తిన పెట్టుకుని నిలబడి ఉన్నారు. అమ్మ తాళం తీసింది. భుజం మీద మట్టి అలాగే ఉండగా హాజరు పట్టీ తెరిచి పేర్లు పిలిచింది.

బడిలో అమ్మా అనొద్దని రోజూ తిట్టేది. నేనెప్పుడూ వినేదాన్ని కాదు. ఆరోజు నా పేరు రాగానే లేచి నిలబడ్డాను.

"ప్రెజెంట్ టీచర్."