పదికి ఎంత నొప్పి

రాబర్ట్‌సన్‌పేట ఆసుపత్రిలో రిపోర్టు చేసింది జనవరిలో ఒక సోమవారం, ఉదయం ఏడున్నరకు. కామసముద్రం నుంచి మొదటి బస్సు. చలిగాలి. చేతిలో తువ్వాలు, నీళ్ళ సీసా, రెండు మోకాళ్ళ ఎక్స్‌రేలు. కీళ్ళు అరిగాయని, తొడ కండరాలకు బలం తెచ్చుకుంటేనే నడక నిలుస్తుందని డాక్టరు చెప్పాడు. ఆర్డరు పన్నెండు వారాలు. సోమ, బుధ, శుక్ర.

ఇరవై రెండేళ్ళు సైన్యంలో ఉన్నాను. చివరి ఐదేళ్ళు రిక్రూట్లకు పీటీ నేర్పాను. అందుకే ఫిజియో గది చూసి నవ్వొచ్చింది. మూడు కుర్చీలు, గోడకు కట్టిన రబ్బరు పట్టీలు, చీలమండకు కట్టుకునే ఇసుక సంచులు, అర అడుగు ఎత్తు చెక్కమెట్టు. అంతే సామాను.

ఫిజియో మేడమ్ ఒకే నియమం పెట్టింది. ప్రతి కసరత్తు తర్వాత నొప్పి పదికి ఎంతో చెప్పాలి.

"మూడు దాకా పరవాలేదు సార్. అంతకు మించితే తగ్గిద్దాం. మీరు చెప్పే నంబరే నాకు దారి."

నా పక్క కుర్చీలో ఒక పాత టింబర్‌మన్. బంగారు గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టినవాడు. డెబ్బై దాటాయి. గని కూలీల వరస ఇళ్ళలో, లైన్లంటారు, గట్టు మీద ఇల్లు. కొళాయేమో కింద. మధ్యలో పదకొండు మెట్లు. భార్యకు గుండె ఆపరేషనయింది, బరువు ఎత్తవద్దన్నారు. అయినా నీళ్ళు ఆమే మోస్తోంది.

"ఆ బిందె నేను అందుకోవల్ల. ఇంగేమీ వద్దు నాకు," అన్నాడు.

మొదటి రోజు చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచాం. ఆయన "నాలుగు" అన్నాడు. నేను "సున్నా" అన్నాను. నిజానికి నాది ఐదు.

"ఏమప్పా, భూమి కింద అన్నేండ్లు దుంగలు మోసినోడివి. కుర్చీలోనించి లేసేదానికే నాలుగా?" అన్నాను.

"మిలిట్రీవాళ్ళకి మోకాళ్ళు యాడుండాయి సార్? అంతా ఇనుమే కదా," అని ఆయన నవ్వాడు.

బుధవారం నుంచి ఆయనా సున్నాయే.

సున్నాలు విని మేడమ్ సంచుల బరువు పెంచింది. ఒక కిలో. రెండు. నాలుగో వారానికి మూడు. బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే కుడి మోకాలు మండిపోయేది. గెలుస్తున్నాననుకున్నాను. ఎవరి మీద గెలుపో ఆలోచించలేదు.

ఐదో వారం సోమవారం పక్క కుర్చీ ఖాళీ. బుధవారమూ ఖాళీయే. శిక్షణ అయ్యాక, తొమ్మిదికి లైన్లకు వెళ్ళాను. కొళాయిలో నీళ్ళు వచ్చే వేళ. ఆయన భార్య చంకన బిందెతో మెట్లెక్కుతోంది. మూడు మెట్లకోసారి ఆగుతోంది. బిందె అందుకోబోయాను.

"ఆ మిలిట్రీ అప్ప నువ్వేనా? నీ కాళ్ళు కూడా పోగొట్టుకోవద్దు. జరుగు."

ఇంట్లో ఆయన మంచం మీద ఉన్నాడు. మోకాలు కొబ్బరికాయంత వాచింది. ఆమె బిందె దించి ఊపిరి తీసుకుంది.

"నీ ముందర నాలుగనేదానికి సిగ్గంట ఈయప్పకి. సున్నా సున్నా అని చెప్పి కాలు ఇట్ల చేసుకొనుండాడు."

"ఊరికే ఉండు," అన్నాడాయన. "సార్‌ది నిజంగానే సున్నా."

నొప్పి అని చెప్పిన రిక్రూట్లను బహానా, అంతా సాకు అంటూ మైదానం చుట్టూ ఇంకో రౌండు పరిగెత్తించేవాణ్ణి. ఒకడు కుంటుకుంటూ శిక్షణ వదిలి ఇంటికి వెళ్ళిపోయాడు. వాడి పేరు కూడా నాకు గుర్తు లేదు.

"కాదప్పా. నాది ఐదు. మొదటి రోజునించీ ఐదే," అన్నాను.

"అట్లయితే నాకంటే ఒకటి ఎక్కువే," అన్నాడు. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

శుక్రవారం మేడమ్‌కూ చెప్పాను. తిట్టలేదు. మూడు కిలోల సంచులు విప్పి కిలోవి కట్టింది. "ఇప్పుడు మొదలుపెడదాం సార్."

వాపు తగ్గాక టింబర్‌మన్ తిరిగి వచ్చాడు. మళ్ళీ కుర్చీ, పట్టీ, మెట్టు. మూడైతే మూడు, రెండైతే రెండు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. మార్చిలో ఇంటి నుంచి బిందె తెచ్చుకున్నాడు. ఖాళీ బిందెతో ఒక వారం. పావు బిందె నీళ్ళతో ఒక వారం. తర్వాత సగం. ఎండలు ముదిరాయి. నా పన్నెండు వారాలు అయిపోయినా, ఆయనతో ఇంకో మూడు వారాలు ఉన్నాను.

ఏప్రిల్‌లో చివరి శుక్రవారం తొమ్మిదికి ఇద్దరం లైన్లకు వెళ్ళాం. ఆయన బిందె నింపి భుజానికెత్తుకున్నాడు. నేను వెనక, చేయి చాపకుండా. ఆరో మెట్టు దగ్గర ఆగాడు. "మూడు," అన్నాడు, నేను అడగకుండానే. కాసేపు నిలబడి మిగతా ఐదూ ఎక్కాడు.

మధ్యాహ్నం బస్సుకు కామసముద్రం వచ్చేశాను. ఇంట్లో వారానికి మూడు రోజులు కసరత్తు చేస్తున్నాను. పొలం గట్టు మీద నడవగలుగుతున్నాను. అది చాలు.

కళ్ళు మూసుకుంటే ఒక్కటే కనిపిస్తుంది. ఆ రోజు పై మెట్టు మీద ఆయన భార్య ఎదురుగా నిలబడి ఉంది. ఆయన బిందెతో ఆమెను దాటి లోపలికి వెళ్ళాడు. ఖాళీ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆమె ఒకసారి నడుము మీద, ఒకసారి కొంగులో పెట్టుకుని, చివరికి రెండింటినీ అలాగే వదిలేసింది.