ఐపీ కాగితం మీద రెండో సంతకం

ఈ ఎడారి దేశంల పనికాడ, అమ్వాజ్ నుంచి వచ్చే బస్సులో పక్క సీటామె నన్ను పెన్ను అడిగింది. ఆమె ఒడిలో ఊరి నుంచి వకీలు పంపిన ఐపీ కాగితాలు, దివాలా దరఖాస్తువి, ఉన్నయి.

"రొయ్యల చెరువుల్లో అంతా పోయింది అన్నయ్యా. నాకు మచ్చ రాకూడదని మా ఆయన తనొక్కడే ఐపీ పెడతానన్నాడు. అప్పు పత్రాల మీద నా సంతకమూ ఉంది కదా, అప్పులోళ్ళు నన్ను వదులుతారా? ఇద్దరి పేర్లతో మళ్ళీ రాయించాను" అన్నది.

కుదుపులకు సంతకం వంకర పోతదని, అరాద్ సిగ్నల్ దగ్గర బస్సు ఆగేదాకా చూసింది. అప్పుడు మొగని సంతకం కింద నిమ్మళంగా తన పేరు రాసి, పెన్ను తిరిగిచ్చింది.

మా లేబర్ క్యాంపుకు పోయినంక మా ఇంటామెకు ఫోన్ చేసిన. రెండేండ్ల సంది దాచిన అప్పుల సంగతి చెప్పిన.

తిట్టినంత సేపు తిట్టి, "ఉండు, పెన్ను తెచ్చుకుంట. ఎవలకెంతో చెప్పు" అన్నది.