మా తోటికోడలి ఆఫ్రికా చేపలు

ఆ చేపలంటే నాకు మొదటిరోజు నుంచీ ఒళ్ళుమంట. చేపంటే కూరకి పనికిరావాలి, లేదంటే చెరువులో ఉండాలి. నట్టింట్లో గాజుతొట్టిలో చేరి మనల్ని గుడ్లప్పగించి చూడటమేమిటి?

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, చేపల ఆఫీసులో పనిచేసేవారు. ఊళ్ళ చెరువుల్లో వదలమని సర్కారువారు తిలాపియా అనే ఆఫ్రికా చేపల్ని పంచుతున్న రోజులవి. వాటిలో ఆరు పిల్లల్ని ఇత్తడి బిందెలో వేసుకుని బస్సులో చోడవరం తెచ్చారు. అనకాపల్లిలో ఇనుప చట్రం చేయించి, గాజుపలకలు బిగించిన తొట్టిలో వదిలి, తన మానాన తను క్యాంపులకి పోయారు. వాటి ఆలనాపాలనా అంతా ఆయన భార్యది, అంటే నా తోటికోడలిది. ఆవిణ్ణి అక్కా అని పిలిచేదాన్ని. పిలుపే అక్క. మా ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఆ తొట్టికి రోజూ రెండు బిందెల నూతినీళ్ళు తోడవలసింది మాత్రం నేను, అదీ కడుపుతో ఉండి.

నాలుగు నెలలకి వాటిలో మగచేప నల్లగా నిగనిగలాడింది, దాని రెక్కల అంచుల్లో ఎరుపు తేలింది. అందమే, కాదనను. బుద్ధి మాత్రం నీచం. ఇసకలో నోటితో గొయ్యి తవ్వుకుని, దాని దరికి ఏది వచ్చినా తోక కొరికి తరిమేది. అలా రెండింటిని చంపేసింది కూడా.

"సూడే, దాని సోటు దానిది. ఎవుల్నీ రానివ్వదు" అని అక్క మురిసిపోయేది.

నాకు కడుపు మండిపోయేది. ఎందుకంటే నా చోటులోకి అక్కే వస్తోంది. మూడేళ్ళ నా కూతురు, ఇంట్లో అందరూ గుంటా అని పిలిచేది, పొద్దస్తమానం ఆ తొట్టి ముందే. అన్నం అక్కడే, ఆట అక్కడే, నిద్రొస్తే అక్క ఒళ్ళోనే. పెళ్ళయి పన్నెండేళ్ళయినా అక్కకి పిల్లల్లేరు. మా అత్త ఒకరోజు నాతో తేల్చి చెప్పేసింది: "నీకెలాగా ఇంకోటి పుడతాది. ఈ గుంటని పెద్దకోడలికిచ్చీ. సెరుకాడి బెల్లం వంటలయ్యేక పెద్దల ముందు ఒల్లో ఎట్టీద్దాం." మా ఇళ్ళలో అలాంటి దత్తత కొత్తేం కాదు. ఒకే కప్పు కింద ఉంటారు కదా, పిల్ల ఎక్కడికి పోతుంది అంటారు. ఎక్కడికీ పోదు. కళ్ళ ముందే తిరుగుతూ నన్ను పిన్నీ అంటుంది. మా ఆయన్ని అడిగితే, "అమ్మ సెప్పింది కదా" అని చెరుకుతోటకి పోయాడు. మగమహారాజు!

ఆ రోజుల్లోనే ఒక ఆడచేప మేత మానేసింది. దవడ కింద ఉబ్బింది. పదిరోజులు అక్క తవుడూ, నూకలూ, మెతుకులూ వేసి చూసింది. అది ముట్టలేదు. ఒకరోజు పొద్దెక్కాక, "ఓలమ్మో, పిల్లలే! నా సేపకి పిల్లలే!" అని అక్క కేక పెట్టింది. అత్తా, నేనూ వెళ్ళి చూశాం. చేప చుట్టూ నువ్వుగింజలంత పిల్లలు, లెక్కలేనన్ని.

"శుబం. ఇంక గుంటని ఒల్లో ఎట్టడానికి మంచిరోజు సూడాల" అంది అత్త.

 అంతలో నా కూతురు సంబరంతో అరచేత్తో గాజు మీద ఫట్టున కొట్టింది. చేప నోరు తెరిచింది. రెప్పపాటులో పిల్లలన్నీ ఆ నోట్లోకి పోయాయి. నోరు మూసుకుంది. కొర్రమేను చేప తన పిల్లల వెంట కాపలా తిరుగుతుందని మాకు తెలుసుగానీ, ఇలాంటిది మా ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. గుంట బావురుమంది.

నేను ఆగలేదు. "సూసేవా అత్తా! ఈవిడ సేతి మేత తిన్న సేప కూడా కన్నపిల్లల్ని మింగీసింది. ఈ గొడ్రాలి సేతిలోనా నా గుంటని ఎడతావు?"

అది అపశకునమని అత్త బెదిరిపోయింది. "ఇంక ఆ మాటెత్తకండి. గుంట తల్లికాడే ఉంటాది" అని గుంట చెయ్యి పట్టుకుని లోపలికి పోయింది.

అక్క ఏడవలేదు. తొట్టిలో చెయ్యి పెట్టి చేపని పట్టుకుని, పెరట్లో కత్తిపీట ముందు కూర్చుంది. "ఇంకా సచ్చుండవు, కడుపులోంచి తీసీస్తాను" అని గొణుగుతోంది. నేను వెనకాలే వెళ్ళాను, చూసి సంతోషించడానికే. కడుపు కోసింది. ఏమీ లేదు. అప్పుడు దవడ కోసింది. పిల్లలు జలజలా రాలి పీట మీద గిలగిలా కొట్టుకున్నాయి. ఒక్కదానికీ గాటు లేదు.

అక్క గబగబా వాటిని చెంబునీళ్ళలోకి ఎత్తి, చెంబు నా చేతికిచ్చింది. అవి ఈదుతున్నాయి.

"మింగలేదే. బయపడి నోట్లో దాసుకుంది" అంది. చచ్చిన చేపకేసి చూస్తూ, "నాను సంపీసేను" అంది. తరవాత నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు సూసేవు కదా. అత్తకో మాట సెప్పవే. నాను సెప్తే నమ్మదు."

లోపల్నుంచి అత్త కేకేసింది, "ఏటయిందే?" అని. వస్తున్న అడుగుల చప్పుడు వినబడింది. పక్కనే గేదెల కుడితిగోలెం ఉంది. చెంబు అందులో ఒంపేశాను. చేసేటప్పుడే తప్పని తెలుసు. తెలిసే చేశాను.

"ఏటీ లేదత్తా" అన్నాను. "కడుపులో సచ్చిపోయున్నాయి."

అత్త లెంపలేసుకుని వెనక్కి తిరిగింది. అక్క నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. కత్తిపీట కడిగి గోడకి చేరేసి, చాలా నెమ్మదిగా అడిగింది.

"నీ గుంటని నీ కాడికి రానివ్వననుకున్నావేటే?"

నేను లోపలికి పోయి నా కూతుర్ని ఎత్తుకున్నాను. అది పెద్దమ్మ కావాలని ఏడుస్తూ నా భుజం కొరికింది.