తనూజ ఆకలి

తెనాలిలో కావేరి కర్రీ పాయింట్ ముందు పదకొండింటికల్లా జనం చేరతారు. కావేరి కొల్లిపరలో పొలం పుట్రా ఉన్న ఇంట్లో పుట్టిన మనిషి. భర్త పోయాక అన్నదమ్ముల మీద ఆధారపడటం ఇష్టం లేక, కూతురు తనూజను తీసుకుని తెనాలి వచ్చి, ఇంటి ముందు గదిలోనే ఆ కొట్టు పెట్టుకుంది.

తనూజకు తొమ్మిదేళ్ళప్పుడు తలనొప్పులు మొదలై చూపు మసకబారింది. మెదడు అడుగున గడ్డ ఉందని గుంటూరులో ఆపరేషన్ చేసి తీశారు. పిల్ల బతికిందని కావేరి తిరుపతి వెళ్ళి తలనీలాలు ఇచ్చి వచ్చింది. పంపేటప్పుడు డాక్టర్లు హార్మోన్ల డాక్టరుకు తరచూ చూపించాలని గట్టిగానే చెప్పారు. మొదట్లో తీసుకెళ్ళింది. తర్వాత, కొట్టు మూస్తే వాడుకవాళ్ళు చెదిరిపోతారని, పాత చీటీలోని బిళ్ళలే మందుల షాపులో కొని వేస్తూ వచ్చింది.

ఏడాది తిరిగేసరికి తనూజ గుర్తుపట్టలేనంత లావైంది. అన్నం తిని చెయ్యి కడుక్కున్న కాసేపటికే మళ్ళీ గిన్నెల వైపు చూసేది. ఇంటి నిండా తాలింపు వాసన. పిల్లకు తిండి యావ పట్టిందనుకుంది కావేరి. వంటింటికి తాళం వేసింది. పక్కింటికి వెళ్ళి, "మా పిల్ల బతిమాలినా ఏమీ పెట్టకు ఏసమ్మా" అని చెప్పి వచ్చింది.

ఒక మధ్యాహ్నం కొట్టు కిటకిటలాడుతోంది. దేనికో వెనక్కి వెళ్ళిన కావేరికి, కుడితి బకెట్ దగ్గర కూర్చుని అందులోని అన్నం తింటున్న కూతురు కనిపించింది. రెక్క పట్టుకుని ముందు గదిలోకి ఈడ్చుకొచ్చి, అందరూ చూస్తుండగా చేతిలో గరిటెతోనే కొట్టింది.

"సిగ్గు లేదటే? గొడ్లకి పోసేది తింటావా?"

"తిన్నా తిన్నట్టు ఉండట్లేదమ్మా. ఒట్టు."

"నోరు కట్టుకోవడం చేతకాక అబద్ధాలొకటి!"

ఆ వారం బాపట్ల నుంచి కావేరి చెల్లెలు సుజన వచ్చింది. పిల్ల భుజం మీద కమిలిన మచ్చ చూసింది. "దీన్ని నేను చదివించుకుంటానక్కా. ముందు డాక్టరుకి చూపిద్దాం, నువ్వూ రా" అంది.

హార్మోన్ల డాక్టరు పాత రిపోర్టులన్నీ చూసి, నెమ్మదిగా చెప్పారు.

"ఒంట్లో కొవ్వు కణాలు ఊరికే పడి ఉండవమ్మా. నిల్వ ఎంతుందో లెప్టిన్ అనే హార్మోన్‌తో మెదడుకి కబురు పంపుతుంటాయి. మెదడు అడుగున ఒక చిన్న భాగం ఆ కబురు విని 'ఇక చాలు' అంటుంది. మీ పాపకి గడ్డ వల్ల దెబ్బతిన్నది ఆ భాగమే. కబురు వస్తూనే ఉంది, వినేవాళ్ళు లేరు. ఒళ్ళు ఎంత పెరిగినా మెదడుకి మాత్రం కరువే. పైగా ఇన్సులిన్ ఎక్కువ ఊరి, తిన్నదాన్ని కొవ్వు కణాల్లోకి తోసేస్తోంది."

"అయితే... తిన్నట్టు ఉండట్లేదని అంది. అది అబద్ధం కాదాండి?"

"కాదమ్మా. నిజమే చెప్పింది."

కావేరి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. కూతురి వైపు తలెత్తి చూడలేకపోయింది.

ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు తనూజ పిన్ని ఇంట్లో ఉండి బాపట్లలో డిగ్రీ చదువుతోంది. డాక్టరు అప్పుడే మందులు మార్చారు. వేళకు ఇంతని తిండి, సాయంత్రాలు పిన్నితో నడక. పెద్దగా తగ్గలేదు గానీ, ముందులా పెరగడం ఆగింది. ముందే చూపిస్తూ ఉంటే ఇంకా మేలయ్యేదేమోనన్న ఆలోచన కావేరిని వదలదు. వాడుకవాళ్ళు ఏమనుకున్నా సరే, ఆదివారం కొట్టు మూసి బాపట్ల బస్సెక్కుతుంది.

క్షమించమని ఒకసారి అడిగింది. "నీకు మాత్రం ఏం తెలుసమ్మా" అని తనూజ నవ్వేసింది. మనసులో ఏదో పెట్టుకుని అన్న మాట కాదు.

కానీ తల్లి వడ్డించినప్పుడు మాత్రం పళ్ళెం తీసుకుని గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. గబగబా తినేస్తుంది.

"ఇటు తిరిగి తినమ్మా, నేనేమీ అనను" అంది కావేరి మొన్న.

"అలవాటైపోయిందమ్మా" అంది తనూజ, తిరగకుండానే.