చెన్నకేశవులు మూడేళ్ళ మరణం

చెన్నకేశవులుకు కాగితమంటే మహా గౌరవం. చదవడం రాదు కాబట్టి ఆ గౌరవం ఎన్నడూ తగ్గలేదు. గిద్దలూరుకు ఆమడ దూరంలో, నల్లమల అంచున ఉన్న ఊళ్ళో ఆయనకో మెట్టచేను ఉండేది. సర్వేవాళ్ళు పొరపాటున అది వాగుకు ఉత్తరాన ఉన్నట్టు రాశారు. అప్పట్నుంచి దక్షిణాన ఉన్న చేనునే దున్నుతూ, ఎవరడిగినా ఉత్తరపు చేనికి పోతున్నానని చెప్పేవాడు.

అది మద్రాసు సర్కారు కాలం. ఆ ఏడు అడవిలో కుంకుడుకాయలు ఏరుకునే గుత్తను వేలం వేస్తే చెన్నకేశవులు పట్టుబట్టి పాడుకున్నాడు. డిసెంబరులో తపాలా వచ్చింది. మూడు పేజీల ఇంగ్లీషు, పైన కిరీటం ముద్ర.

ఊళ్ళో ఇంగ్లీషు వచ్చినవాడు పిచ్చయ్య ఒక్కడే. చెన్నకేశవులు భార్య మాలకొండమ్మకు అన్న. స్కూలు ఫైనలు రెండుసార్లు తప్పాడు. ఆ చదువు తాలూకు అరచేతిలో ఇమిడే నిఘంటువు మాత్రం ఆయన దగ్గర మిగిలింది. కాగితమంతా చదివి, ఒక మాట దగ్గర ఆగి, నిఘంటువు తిప్పి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"బావా, ఇక్కడ డిమైజ్ అని ఉంది. డిమైజ్ అంటే మరణం. పక్కనే నీ పేరుంది."

"ఎప్పుడంట?" అని అడిగాడు చెన్నకేశవులు.

"జనవరి ఒకటో తేదీ నుంచి. మూడేండ్లు."

చెన్నకేశవులు కాగితం కళ్ళకద్దుకున్నాడు. మూడేళ్ళే కాబట్టి ఇది జైలు శిక్షలాంటిదేనని, గడువు తీరితే విడిచిపెడతారని పిచ్చయ్య ధైర్యం చెప్పాడు. అయితే సర్కారుకు ఇష్టమైతే ఇంకో మూడేళ్ళు పొడిగించవచ్చని కూడా రాసి ఉందన్నాడు. ఆ కాలమంతా కుంకుడుకాయలు మాత్రం ఏరుకోవచ్చట.

"చచ్చినోడు కాయలేరేదెట్ల?" అంది మాలకొండమ్మ.

హక్కు ఇచ్చారే గానీ ఎట్లా ఏరాలో రాయలేదన్నాడు పిచ్చయ్య.

"తద్దినం పెట్టాల్నో వద్దో రాసినారేమో చూడన్నా."

పిచ్చయ్య మూడు పేజీలూ మళ్ళీ వెతికాడు. ఆ సంగతి ఎక్కడా లేదు.

చెన్నకేశవులు ఆ వారమంతా సర్దుబాట్లలో పడ్డాడు. చేను చదును చేయడానికి అరువు తెచ్చిన గుంటక తిరిగిచ్చేశాడు. ఎద్దుల మెడలు నిమిరి, మూడేళ్ళు మాలకొండమ్మ మాట వినమని చెప్పాడు. పొరుగింటి గురమ్మ పరామర్శకు వచ్చింది. ఎదురుగా అరుగు మీద మనిషి జొన్నరొట్టె తింటూ కనిపించేసరికి ఏడవాలో మానాలో తెలియక, కొంచెం ఏడ్చి, చెంబెడు మజ్జిగ పోయించుకుని వెళ్ళింది. ఆయనకూ అది సబబుగానే తోచింది. చావంటే భయం లేదు గానీ ఒంటరిగా మూడేళ్ళు ఏం తోస్తుందన్నదే బెంగ.

చివరికి మాలకొండమ్మ ఇద్దర్నీ బండెక్కించి గిద్దలూరు తరిమింది. సర్కారు కాళ్ళు పట్టుకుని అయినా తగ్గించుకుని రమ్మంది.

అటవీ ఆఫీసులో హెడ్డు గుమాస్తా రాజరత్నం నిదానస్థుడు. మూడేళ్ళు చాలా ఎక్కువని, ఒక్క ఏడాదికి కుదించమని చెన్నకేశవులు చేతులు జోడించాడు.

"నువ్వే గదా పోటీపడి పాడుకున్నావు?" అన్నాడు రాజరత్నం.

"పాడుకున్నాను గానీ అయ్యా, ఇంతకొస్తుందనుకోలేదు."

"నీకు ముందాయన మూడేండ్లూ హాయిగా చేసుకున్నాడు. మళ్ళీ తనకే కావాలని మొన్న గూడా వచ్చి అడిగిపోయినాడు."

అట్లాంటి మనిషి ఒకడున్నాడని చెన్నకేశవులు ఊహించలేకపోయాడు. పోనీ ఇంకొకరి పేరుకు మార్చవచ్చా అని అడిగాడు. మార్చవచ్చు, మీ బావమరిది పేరున రాయమంటావా అన్నాడు రాజరత్నం. పిచ్చయ్య రెండడుగులు వెనక్కి వేసి, తనకు పిల్లలు చిన్నవాళ్ళని మనవి చేసుకున్నాడు.

కుంకుడుకాయలకూ పిల్లలకూ సంబంధమేమిటో రాజరత్నానికి అంతుపట్టలేదు. కూర్చోబెట్టి మొదటి నుంచీ అడిగాడు. విన్నాక కాసేపు కిటికీ వైపు తిరిగి దగ్గుతూ నిలబడ్డాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "వకీళ్ళ భాషలో డిమైజ్ అంటే గుత్తకియ్యడం. ఒకరి చేతిలోది ఇంకొకరి చేతికి పోవడం. రాజు పోతే రాజ్యం కొడుకు చేతికి పోతుంది గదా. మొదట ఆ రాజ్యం పోవడానికి ఈ మాట వాడినారు, రానురాను రాజు పోవడానికే వాడినారు. ఇప్పుడు ఎవరు పోయినా అదే మాట. మీ చిన్న పుస్తకంలో ఆ ఒక్క అర్థమే వేసినట్టుంది. నీకేం గాలేదు. అడవి నీ చేతికొచ్చింది, అంతే."

పిచ్చయ్య నిఘంటువును అంగీ జేబులోకి తోశాడు. చెన్నకేశవులు మాత్రం కదల్లేదు. నోటిమాట చాలదని, తాను బతికే ఉన్నట్టు ఒక ముక్క రాసిమ్మని పట్టుబట్టాడు. రాజరత్నం తెలుగులో రెండు వరుసలు రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి ఇచ్చాడు.

ఆ సీజనులో కాయలు విరగకాశాయి. అడవిలో తరతరాలుగా బతికే సుబ్బన్న కుటుంబం కాయలేరడానికి వచ్చింది. ఏ లోయలో ఏ చెట్టు ముందు పండుతుందో సుబ్బన్న చెబుతుంటే చెన్నకేశవులు వెంట నడిచి చెట్లు గుర్తుపెట్టుకున్నాడు. కంభం సంతకు ఆరు బండ్ల కాయలు పోయాయి. మాలకొండమ్మ ఓ గంపెడు ఇంట్లో ఉంచుకుని, ముందుగా మొగుడికీ అన్నకూ ఒకే రోజు తలంట్లు పోసింది. ఇద్దరికీ కళ్ళు మండాయి.