ఫ్లెక్సీలో నా నాలుగు వేళ్లు

రాతలో తప్పులుంటే ఏమీ అనుకోకండి, నేను చదివింది ఐదో తరగతి వరకే.

బొల్లారంలో మా ఆయనకు ఫ్లెక్సీల దుకాణం ఉంది. ఈ రోజు నేను అన్నం డబ్బా తీసుకుని వెళ్లేసరికి ఎవరో లీడర్ పుట్టినరోజు ఫ్లెక్సీ చేస్తున్నాడు. లీడర్ ఫోటో కింద శుభాకాంక్షలు చెప్పేవాళ్ల ముఖాలు వరసగా ఉంటాయి కదా, అందులో తనదీ ఉండాలట. ఆయన సూటు వేసుకున్నది మా పెళ్లి ఫోటోలోనే. పాత ఫోన్ పోయాక మా పెళ్లి ఫోటోల్లో మిగిలింది కూడా దుకాణం కంప్యూటర్‌లో ఉన్న అదొక్కటే. దాన్నే తెరిచి, నన్ను కత్తిరించేశాడు. అలాగే సేవ్ చేస్తే అసలు ఫోటో పోతుందని, రోజూ వెనక నిలబడి చూస్తాను కాబట్టి నాకు తెలుసు.

"జెర వేరే పేరుతోని సేవ్ చెయ్యుండ్రి" అన్నాను మెల్లగా.

"నాకే నేర్పుతున్నవా? డబ్బా ఆడ పెట్టు" అని సేవ్ నొక్కి ఫైలు మూసేశాడు. మళ్లీ తెరిస్తే అందులో నేను లేను.

"ఫోటోల లేకుంటే ఏమాయె? ఇంట్ల ఉన్నవ్ గదనే!" అని నవ్వాడు.

సాయంత్రం చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. ఆయన భుజం మీద మైదాకు పెట్టిన నాలుగు వేళ్లున్నాయి. అవి నావే. కత్తిరించడం కూడా సరిగ్గా చేయలేదు.

మా పెళ్లికి వచ్చినవాళ్లు ఒకసారి మీ ఫోన్లలో వెతకండి, నేనున్న ఫోటో దొరికితే పంపండి. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన ఈ మాటలు మాత్రం ఎవరికీ చూపించకండి. ఆయన చూడకముందే తుడిచేస్తాను. తుడిచేయడం ఎంత తేలికో ఈ రోజు చూశాను.